కోర్టులోకి నలుగురు కావాలి

ఆటా మాటా: డ్రిల్లు మాస్టారి జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో "బతుకులో దెబ్బ తగిలినప్పుడు ఆట మానేశారా, పట్టుకున్నారా?" అని అడిగాను. అడిగిన పాపానికి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కుప్పలుగా వచ్చాయి. అన్నింటికీ ఇక్కడ చోటు చాలదు, కొందరికి విడిగా రాశాను. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను, సైకాలజిస్టుని అసలే కాను. 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో విజిల్ ఊది రిటైరైనవాణ్ణి. ఆ లెక్కలోనే చదవండి.

ప్రశ్న: మాస్టారూ, నాకు 44. బజార్లో రెడీమేడ్ బట్టల షాపు ఉండేది. ఆన్‌లైన్ అమ్మకాల దెబ్బ ఒకటి, నేను తెలివితక్కువగా చేసిన అప్పులు ఇంకొకటి, మొత్తానికి పోయిన దసరాకి షట్టర్ దించేశాను. పదేళ్లుగా పొద్దున 5.30 బ్యాచ్‌లో షటిల్ ఆడేవాణ్ణి, వెళ్లక ఏడు నెలలైంది. ఆ బ్యాచ్‌లోనే ఇద్దరి దగ్గర చేబదులు తీసుకున్నాను, ఒకరికి 40 వేలు, ఇంకొకరికి 15 వేలు ఇవ్వాలి. వాళ్లు అడగరు, అదే ఇంకా బాధ. రాత్రి మూడింటికి మెలకువొస్తే మళ్లీ నిద్ర పట్టదు. మా ఆవిడేమో వెళ్లి ఆడుకోండి అంటుంది. అప్పులున్నవాడు బ్యాట్ పట్టుకుని బయల్దేరితే నలుగురూ ఏమనుకుంటారు? (పేరు వద్దు, తెనాలి)

జవాబు: తమ్ముడూ, ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా గురించీ అనుకున్నారు. 2011లో దగ్గరివాడు కదా అని ఒకడి చీటీకి హామీ సంతకం పెట్టాను. వాడు చీటీ పాడుకుని, డబ్బు తీసుకుని, నాలుగు వాయిదాలు కట్టి ఊరొదిలేశాడు. నెలనెలా నా జీతంలో కోత మొదలైంది. స్టాఫ్ రూంలో, టీకొట్టు దగ్గర, ఆఖరికి మా బావమరిది ఇంట్లో కూడా "పిల్లలకి బుద్ధులు చెప్పే మాస్టారు, ఈయనకేమైంది" అన్నారు. నేను షటిల్ కోర్టుకి వెళ్లడం మానేశాను. ఇంట్లో మోకాలు నొప్పని చెప్పాను. ఎనిమిది నెలలు అదే మోకాలు నొప్పి.

ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకి ఫోన్. బ్యాచ్‌లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి, కరెంటాఫీసులో చేసేవాడు. "మాస్టారూ, ముగ్గురమే ఉన్నాం, వస్తారా?" అన్నాడు. బాగున్నారా అని లేదు, ధైర్యంగా ఉండండి అని లేదు, చీటీ సంగతి ఏమైందని అసలే లేదు. ముగ్గురే ఉన్నారు, డబుల్స్‌కి ఒకడు తక్కువయ్యాడు, అంతే. వెళ్లాను. వెళ్లేటప్పుడు మంచం కింద నుంచి బూట్లు తీసి దుమ్ము దులిపి వేసుకున్నాను. రెండో గేములో నెట్ దగ్గరికి ఉరికేసరికి కుడి బూటు సోల్ మొత్తం ఊడి వెనకాలే ఉండిపోయింది, నేను ముందుకెళ్లిపోయాను. (వాడకుండా పడేస్తే జిగురు పట్టు వదిలేస్తుంది, అప్పటిదాకా నాకూ తెలీదు.) ముగ్గురూ కోర్టులో కూలబడి నవ్వారు. ఎనిమిది నెలల్లో నన్ను చూసి జనం నవ్విన మొదటి నవ్వు అది, అదీ బూటు గురించి. ఆ రోజు ఇంటికొచ్చి ఇడ్లీలు ఆరు తిన్నానట, మా ఆవిడ ఇప్పటికీ లెక్క చెప్తుంది.

నలుగురూ ఏమనుకుంటారో అని మనం జీవితమంతా భయపడే ఆ నలుగురెవరో నాకు ఇంతవరకు కనపడలేదు. డబుల్స్‌కి కావాల్సిన నలుగురు మాత్రం కళ్లముందు ఉంటారు, వాళ్లలో ఒకడు రాకపోతే మిగతా ముగ్గురూ బెంచీ మీద కూర్చుని ఫోన్లు చూసుకోవాల్సిందే. నువ్వు ఏడు నెలలుగా ఎవరికి మొహం చాటేస్తున్నావో వాళ్లకి నీ అప్పు కంటే నీ ఖాళీ ఎక్కువ కనపడుతుంటుంది.

ఇక డబ్బు సంగతి. ఆటకి వెళ్లే ముందు ఆ ఇద్దరి ఇళ్లకీ వెళ్లు, విడివిడిగా. ఫోన్లో కాదు. "ఇంత ఇవ్వాలి, గుర్తుంది, నెలకి వెయ్యి చొప్పున ఇస్తాను, ఇప్పుడు అంతకంటే నా వల్ల కాదు" అని చెప్పి మొదటి వెయ్యి అక్కడే చేతిలో పెట్టు. 40 వేలు నెలకి వెయ్యి చొప్పున ఎప్పటికి తీరుతుందని వాళ్లు లెక్కలు వెయ్యరు, నువ్వూ వెయ్యకు, చెయ్యి తిరిగాక పెంచొచ్చు. ఆ తర్వాత కోర్టులో ఆ మాట ఎత్తొద్దు, ఎత్తనివ్వొద్దు.

ఆటకీ ఖర్చుందని నాకు తెలుసు. ఫెదర్ కాక్ అంటే 16 ఈకలు, గట్టిగా నాలుగు స్మాష్‌లు తగిలితే రెండు ఈకలు విరుగుతాయి, మంచి బ్యాచ్‌లో పొద్దున పూట మూడు నాలుగు కాక్‌లు ఎగిరిపోతాయి, ధరలా ఏటికేడు పైకే పోతున్నాయి. నీ వాటా ఇవ్వలేకపోతే ఇవ్వలేనని చెప్పు, లేదా నైలాన్ కాక్‌తో ఆడే బ్యాచ్ ఉంటే దాంట్లో కలువు. నైలాన్‌తో ఆడితే పరువు పోతుందనుకునేవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లలో సగం మందికి ఫెదర్‌తోనూ ఆట రాదు.

ఆడితే నిద్ర పడుతుందని హామీ ఇవ్వను. నాకు మూడు వారాలు పట్టింది, నీకు ఎంత పడుతుందో. కానీ మూడింటికి మెలకువ రావడం ఏడు నెలలుగా ఉందంటే ఆట ఒక్కటే చాలదు, డాక్టర్ని కలువు. ఎప్పుడైనా ఎందుకీ బతుకు అనిపిస్తే, ఏ అర్ధరాత్రయినా సరే, 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడాల్సినంత పనేం కాదు. వెళ్లే ముందు బూట్లు ఒకసారి వంచి చూసుకో.

ప్రశ్న: మాస్టారు గారూ, నా వయసు 39. మావారు పోయి 14 నెలలు. మా కాలనీ ఆడవాళ్లం సాయంత్రాలు త్రోబాల్ ఆడేవాళ్లం, టీమ్‌కి నేనే కెప్టెన్ని. మళ్లీ రమ్మని వాళ్లు పట్టుబడితే మొన్న వెళ్లాను. ఒక పాయింట్ గెలవగానే ఎప్పటిలాగే గట్టిగా అరిచాను. అరిచాక నాకే సిగ్గేసింది, ఇంటికొచ్చి ఏడ్చాను. అత్తగారు ఏమీ అనలేదు కానీ మా ఆడబిడ్డ "అప్పుడే ఆటలూ నవ్వులా వదినా" అంది. నేను తప్పు చేశానా? (హనుమకొండ)

జవాబు: లేదమ్మా. ఈ ఒక్క మాటతో జవాబు ముగించొచ్చు, కానీ మీ ఉత్తరంలో ఇంకో మనిషి కూడా ఉంది, ఆమె గురించి చెప్పాలి.

ముందు మీ అరుపు సంగతి. త్రోబాల్లో పట్టిన బంతిని మూడు సెకన్లలో విసిరెయ్యాలి. ఆ మూడు సెకన్లలో అవతలి కోర్టులో ఖాళీ ఎక్కడుందో కళ్లు వెతుకుతాయి, భుజం వెనక్కి వెళ్తుంది, వేరే ఆలోచనకి సందుండదు. అది మీ ఆయన్ని మర్చిపోవడం కాదు, ఊపిరి తీసుకోవడం. ఆ అరుపు మీ ఒంటికి ఏళ్ల తరబడి అలవాటైన అరుపు, మిమ్మల్ని అడగకుండా వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది, అదీ మీదే. ఒకే సాయంత్రం రెండూ వచ్చాయంటే మీకేదో అయిందని కాదు. నాకు తెలిసిన ఒకామె ఆటయ్యాక స్కూటీ స్టాండ్ దగ్గర ఐదు నిమిషాలు ఏడ్చి, మొహం కడుక్కుని, కూరగాయలు కొనుక్కుని ఇంటికెళ్లేది. చాన్నాళ్లు అలాగే గడిచింది. టీమ్‌వాళ్లు చూసీ చూడనట్టుండేవాళ్లు, వాళ్లకి దండం పెట్టాలి.

ఏడాది మాసికాలు, సంవత్సరీకం అన్నీ అయ్యాయి కదా. శాస్త్రం పెట్టిన గడువు దాటింది. ఇక మిగిలింది జనం పెట్టే గడువు, దానికి తేదీ ఉండదు, మీరు పదేళ్ల తర్వాత నవ్వినా "అప్పుడే" అనేవాళ్లు ఉంటారు. అదే మగవాడైతే ఏడాదిలోపే సంబంధాలు చూస్తారు, వాణ్ణి ఎవరూ షటిల్ ఎందుకు ఆడుతున్నావని అడగరు. ఇది రాస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది, సరే, వదిలేద్దాం.

మీ ఆడబిడ్డ. ఆమె పోగొట్టుకున్నది తోడబుట్టినవాణ్ణి. వచ్చి పలకరించిన వాళ్లంతా మీ చుట్టూ, అత్తగారి చుట్టూ కూర్చుని ఉంటారు, పెళ్లయిన చెల్లెలి దుఃఖం మూడో వరసలో పడుతుంది. మీకు త్రోబాల్ ఉంది, ఆమెకి ఏముందో ఒకసారి అడిగి చూడండి. ఆ మాటలో మీ మీద కోపం కంటే ఆయన్ని అందరూ మర్చిపోతారేమోనన్న భయం ఎక్కువ ఉండొచ్చు. ఈసారి వచ్చినప్పుడు గ్రౌండుకి తీసుకెళ్లండి, ఆడకపోయినా గట్టు మీద కూర్చుంటుంది. రానంటే బలవంతం వద్దు. ఏమీ అనని అత్తగారిని మాత్రం నేరుగా అడగండి. ఆమె సరేనంటే ఇక మూడో మనిషి అనుమతి అక్కర్లేదు.

ఇంకొకటి, కెప్టెన్సీ ఇప్పుడే తీసుకోవద్దు. ఆయన పుట్టినరోజనో, పెళ్లిరోజనో, ఏమీ లేకుండానో వెళ్లబుద్ధి కాని రోజులు వస్తాయి. కెప్టెన్ అయితే వెళ్లక తప్పదు, మామూలు ప్లేయరైతే "ఇవాళ రాను" అని మెసేజ్ పెడితే చాలు.

ప్రశ్న: సార్, మా గేటెడ్ కమ్యూనిటీ సంక్రాంతి టోర్నీలో వరసగా నాలుగేళ్లు షటిల్ సింగిల్స్ ఫైనల్ ఓడిపోయాను. ఈ ఏడాది ఆఫీసులో ప్రమోషన్ కూడా చివరి ఇద్దరిలో నిలబడి తప్పిపోయింది. నా జాతకమే రన్నరప్పా? (కూకట్‌పల్లి)

జవాబు: మీ జాతకం సంగతి నాకు తెలీదు, సింధు సంగతి చెప్తాను. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఓటమి. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి, మూడో గేము 20-22 ఓటమి. 2018లో కామన్వెల్త్ ఫైనల్, ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్, ఆసియా క్రీడల ఫైనల్, మూడూ ఓటమే. మధ్యలో చిన్నాపెద్దా టైటిళ్లు గెలుస్తున్నా మన టీకొట్ల దగ్గర "ఫైనల్ అంటే సింధుకి వణుకు" అని తేల్చేశారు, వాళ్లలో చాలామంది బ్యాట్ పట్టి ఇరవై ఏళ్లయి ఉంటుంది. 2019 ఆగస్టులో బాసెల్‌లో మళ్లీ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్, మళ్లీ అదే ఒకుహారా. 21-7, 21-7. నలభై నిమిషాలు కూడా పట్టలేదు. నేను రెండో గేము సగంలో కాఫీ పెట్టుకోవడానికి లేచి వచ్చేసరికి అయిపోవచ్చింది.

ఇది చెప్పి, వచ్చే సంక్రాంతికి మీరూ కొడతారని మాత్రం రాయను. ఆ అవతలివాడు నిజంగానే మీకంటే బాగా ఆడుతుండొచ్చు, ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. నేను చెప్పేది వేరే. షటిల్ పద్దు, ఆఫీసు పద్దు ఒకే ఖాతా పుస్తకంలో రాసుకుంటున్నారు మీరు. ప్రమోషన్ ఎందుకు తప్పిందో మీ మేనేజర్ని అడగండి. ఫైనల్ ఎందుకు పోతోందో ఫోన్ స్టాండు పెట్టి వీడియో తీయించి చూడండి. 17 పాయింట్లు దాటాక చాలామంది సర్వీసు తొందరపడి వేసేస్తారు, కాక్ చేతికి రాగానే కొట్టేస్తారు. మీరూ అంతేనేమో చూసుకోండి, అదే అయితే దానికి జాతకంతో పని లేదు.

ప్రశ్న: నాకు 53, బ్యాంకు ఉద్యోగం. పాతికేళ్లుగా షటిల్ ఆడుతున్నాను. కోర్టులో జారి మోకాలి లిగమెంట్ తెగింది, మెనిస్కస్ కూడా చిరిగింది. ఎగరడం, గిర్రున తిరగడం ఇక వద్దన్నారు డాక్టరు. ఆట లేకపోతే నేనేం కావాలి? మా బ్యాచ్ వాళ్లు మాత్రం "పుల్లెల గోపీచంద్ మోకాలి ఆపరేషన్ల తర్వాతే కదా ఆల్ ఇంగ్లండ్ షటిల్ టైటిల్ కొట్టింది" అని ఉత్సాహపరుస్తున్నారు. (విశాఖపట్నం)

జవాబు: మీ బ్యాచ్ వాళ్ల నోళ్లు కాసేపు మూయించాలి. గోపీచంద్ మోకాలు దెబ్బ తిన్నది 1994లో, అప్పటికి ఆయనకి 20, 21 ఏళ్లు. ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో, చెన్ హాంగ్ మీద 15-12, 15-6. అంటే మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ పొద్దున లేస్తే ఆయనకి అదే పని. మీకు పొద్దున లేస్తే బ్రాంచి, సాయంత్రం క్యాష్ టాలీ, మధ్యలో 53 ఏళ్ల మోకాలు. ఆ కథ నాకూ ఇష్టమే, స్కూల్లో ప్రార్థన అయ్యాక ఎన్నిసార్లు చెప్పానో. కానీ దాన్ని మీ మోకాలికి మందుగా వాడకూడదు.

"ఆట లేకపోతే నేనేం కావాలి" అన్నారే, ఆ మాట పెద్దది. పాతికేళ్లు ఆడిన ఆట పోవడం నిజంగా పోవడమే, "ఆటే కదా" అనేవాళ్ల మాట వినొద్దు. కొన్నాళ్లు బాధపడండి. ముందు ఫిజియోథెరపీ పూర్తిగా చేయించుకోండి, మనవాళ్లు పది రోజులు వెళ్లి నొప్పి తగ్గగానే మానేస్తారు, అసలు పని అక్కడే మొదలవుతుంది. తర్వాత డాక్టర్ని అడిగి ఈత మొదలుపెట్టండి, మీకు సముద్రం పక్కనే ఉంది కానీ నేను చెప్పేది స్విమ్మింగ్ పూల్. నా పాత పార్ట్‌నర్ ఒకాయన మోకాలు పోయాక ఆర్నెల్లు మొహం ముడుచుకుని కూర్చుని క్యారమ్స్‌కి మళ్లాడు. ఇప్పుడు ఆయన స్ట్రైకర్ పట్టుకుంటే ఎదుటివాడు ఇంటికెళ్లే బస్సు టైము చూసుకుంటాడు. అదే గది, అదే జనం, అవే తిట్లు. కోర్టు పక్క బెంచీ వదలకపోవడం ముఖ్యం, లోపలికి దిగకపోయినా.

ఇది మీకే కాదు, నలభై దాటి ఆడేవాళ్లందరికీ. ఆడుతూ కుప్పకూలిన వాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం. ఛాతీలో పట్టేసినట్టున్నా, ఎడమ చేయో దవడో లాగుతున్నా, చెమటలు మామూలుగా కాకుండా పడుతున్నా గ్యాస్ అనుకుని సోడా తాగి మళ్లీ కోర్టులోకి దిగొద్దు. గేము ఎంతలో ఉన్నా ఆపి 108కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: సర్, నాకు 29. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఐదేళ్లు గ్రూప్స్‌కి చదివి, రాక, ఊరొచ్చేశాను. సాయంత్రం స్కూల్ గ్రౌండ్‌లో పిల్లలతో వాలీబాల్ ఆడుతుంటే "ఉద్యోగం సద్యోగం లేదు, బాల్ గుద్దుకుంట తిరుగుతుండు" అంటున్నరు. (నల్లగొండ జిల్లా)

జవాబు: రోజుకి గంటన్నర వాలీబాల్ వల్ల ఎవరి ఉద్యోగమూ పోలేదు, వాలీబాల్ మానేస్తే వచ్చే ఉద్యోగమూ లేదు. అననీ. కానీ నీ ఉత్తరంలో అసలు విషయం రాయలేదు నువ్వు. మళ్లీ నోటిఫికేషన్ పడితే రాస్తావా, రాయవా? అది తేల్చుకోనంత కాలం గ్రౌండ్‌లో ఉన్నా, ఇంట్లో ఉన్నా, పొలంలో ఉన్నా ఎవరు చూసినా నిన్నే అంటున్నట్టుంటుంది. ఒక తేదీ పెట్టుకుని ఇంట్లోవాళ్లకి చెప్పు, ఆ తేదీ దాకా చదువు, తర్వాత ఆపు. ఇంకో దారి కూడా చెప్తాను, నా దారి కాబట్టి. పిల్లలకి నేర్పించడం నచ్చుతోందా? డిగ్రీ ఉంది కదా, పీఈసెట్ ఎంట్రన్స్ రాసి బీపీఈడీ, అదే డ్రిల్లు మాస్టారి కోర్సు, చెయ్యొచ్చు. సర్కారు పోస్టులు ఎప్పుడు పడతాయో ఆ దేవుడికే తెలియాలి, మళ్లీ అశోక్‌నగర్ కథే కాకుండా చూసుకో, ప్రైవేటు స్కూళ్లలో జీతం తక్కువే. అయినా ఆ పిల్లల్లో ఎవడికి లిఫ్ట్ చెయ్యడం వచ్చో, ఎవడు నెట్ దగ్గర భయపడతాడో నీకిప్పటికే తెలిసి ఉంటుంది. తెలిస్తే ఆలోచించు, తెలీకపోతే ఈ మాట వదిలెయ్.

ప్రశ్న: మాస్టారూ, రెండేళ్ల క్రితం క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయింది. డాక్టరు ఒప్పుకున్నారు, వచ్చే సోమవారం నుంచి మళ్లీ షటిల్. చెయ్యి ఇంకా బలహీనంగానే ఉంది. బ్యాట్‌కి గట్టింగ్ (వల) టెన్షన్, అదే బిగువు, ఎంత వేయించమంటారు? (రాజమహేంద్రవరం)

జవాబు: టెన్షన్ ఎలా తగ్గించుకోవాలని అడిగిన ఉత్తరాల మధ్యలో ఎంత పెట్టించుకోవాలని అడిగింది మీరొక్కరే. 20, 21 పౌండ్లు చాలు. షాపువాడు 26 వేయించుకోమంటాడు, వినొద్దు, బిగువు ఎక్కువైతే భుజం మీద భారం పడుతుంది. గ్రిప్ కూడా కొత్తది చుట్టించండి, పాతది ఈపాటికి జిగటగా అయిపోయి ఉంటుంది.